అయిదు సెంటీమీటర్ల ఊపిరి

నిండుగా ఊపిరి పీల్చినప్పుడు మీ ఛాతీ ఎన్ని సెంటీమీటర్లు పెరుగుతుందో ఎప్పుడైనా కొలుచుకున్నారా? కొలుచుకుని ఉండరు. జ్వరం చూపించుకుంటాం, నాడి చూపించుకుంటాం, సిగ్గు లేకుండా జాతకం కూడా చూపించుకుంటాం. ఛాతీని మాత్రం చొక్కా కుట్టించుకునేటప్పుడే కొలవనిస్తాం. అదీ ఊపిరి వదిలేసి, కదలకుండా నిలబడి ఇచ్చే కొలత. గాలి పీల్చి చూపించు అని అడిగేది పోలీసు కొలువూ పటాలం కొలువూ మాత్రమే.

కానిస్టేబులు కావాలంటే ఎత్తు ఉండాలి. చూపు ఉండాలి, రంగులు గుర్తుపట్టాలి. నిలబడితే మోకాళ్లు ఒకదానికొకటి రాసుకోకూడదు, పాదం చదునుగా నేలకు అతుక్కోకూడదు. అన్నిటికీ మించి, ఊపిరి పీల్చితే ఛాతీ కనీసం అయిదు సెంటీమీటర్లు పెరగాలి. అయిదు సెంటీమీటర్లంటే సుమారు మూడు వేళ్ల వెడల్పు. మా తమ్ముడి బతుకు ఆ మూడు వేళ్ల సందులో ఇరుక్కుపోయింది.

మాది కళ్యాణదుర్గం అవతల కంబదూరు వైపు ఒక మెట్ట ఊరు. వేరుశనగ వేయడం, వాన కోసం మొగులు చూడటం, కాయ పట్టకపోతే కట్టె పశువులకు వేయడం, ఇదే మా నాయన చేసిన సేద్యం. నేను బడిపంతులు ఉద్యోగంలో పడ్డాను. తమ్ముడు నాకంటే పన్నెండేళ్లు చిన్న. రెండువేలు దాటిన తొలి సంవత్సరాల్లో, వరసగా కరువు మీద కరువు వచ్చినప్పుడు, వాడికి కానిస్టేబులు ఉద్యోగం తప్ప వేరే ఆలోచన లేదు. ఒకసారి పోయి ఛాతీ కొలత దగ్గర అర సెంటీమీటరు తక్కువై తిరిగి వచ్చాడు. వయసు హద్దు దాటకముందు ఇంకొక్క అవకాశం ఉంది. ఇంట్లో అందరికీ ఆ సంగతి తెలుసు. మా అమ్మ వాడికి సంగటి ముద్ద పెట్టేటప్పుడు కూడా ఛాతీ వంకే చూసేది.

మా ఊళ్లో వాడిలాంటి వాళ్లు ఆరేడు మంది ఉండేవాళ్లు. తెల్లవారుజామున కంబదూరు దారిలో పరిగెత్తేవాళ్లు. శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక దర్జీ సాయిబు కొట్టు దగ్గర చేరేవాళ్లు. సాయిబు వాళ్ల ఛాతీ కొలిచేవాడు. కొట్టు తలుపు చెక్క మీద ఒక్కొక్కడికీ సుద్దతో రెండు గీతలు. ఒకటి గాలి వదిలినప్పటిది, రెండోది గాలి పీల్చినప్పటిది. ఆ రెండు గీతల మధ్య సందే వాళ్ల ఉద్యోగం. వారం వారం కొత్త గీతలు పడేవి. పాతవి చెరపనిచ్చేవాడు కాదు సాయిబు.

మొదట్లో అక్కడ నవ్వులే నవ్వులు.

"పీల్చరా నాయనా, పీల్చు! బీడీ పీల్చేటప్పుడు పొయ్యేంత గాలి ఇప్పుడు పోలేదేమి?" అనేవాడు సాయిబు.

"నీ టేపు సాగిపోయినాది మామా. మా తాత పంచె కొలిచిన టేపు అది," అనేవాడు మా తమ్ముడు.

"టేపు సాగినాదా, నీ నోరు సాగినాదా?"

కానీ వాడు అన్న మాట మిగతావాళ్లు పట్టుకున్నారు. ఎందుకంటే ఏడాది గడిచేసరికి ఆ గీతల మధ్య సందు పెరగలేదు. తగ్గింది. రోజూ పరిగెత్తేవాళ్లకు, దండీలు తీసేవాళ్లకు, గుడ్లు తినేవాళ్లకు తగ్గింది. దానికి ఒకటే కారణం కనబడింది వాళ్లకు: టేపు. అందరూ కలిసి కళ్యాణదుర్గం పోయి కొత్త టేపు కొనుక్కొచ్చారు. సాయిబు దాంతో కొలిచాడు. అదే సందు. అప్పుడు సాయిబు నవ్వలేదు. టేపు మెడకు వేసుకుని, తలుపు చెక్క మీది పాత గీతల సందులన్నీ మొదటి నుంచి వేళ్లతో కొలిచి చూశాడు.

ఆ సాయంత్రం బడి నుంచి పోతుంటే నన్ను పిలిచాడు.

"అయ్యవారూ, ఒక మాట. ఊళ్లో యాభై దాటినోళ్లు చొక్కాకు చంక వెడల్పు పెట్టమంటాండారు. చెయ్యి ఎనక్కి పోలేదు సాయిబూ అంటారు. ముందు ఒకరిద్దరే. ఇప్పుడు నలభై ఏండ్లోళ్లు గూడ అంటాండారు. నాకేమో ఇది మంచిగ కనపళ్లేదు."

"వయసు మీద పడితే కీళ్లు పట్టేస్తాయి మామా. వాతం," అన్నాను నేను.

"వాతం ఊరంతటికీ ఒకే తూరి వచ్చునా సార్?"

సమాధానం చెప్పలేదు నేను. ప్రశ్న వేసినవాడు దర్జీ కాబట్టి చెప్పలేదు. డాక్టరు అడిగి ఉంటే ఆలోచించేవాణ్ణి. మూఢనమ్మకాల మీద ఊరూరా ఉపన్యాసాలు ఇచ్చిన నాకు, మనిషిని బట్టి మాటకు విలువ కట్టకూడదని పదిమందికీ చెప్పిన నాకు, ఆ పూట అది తట్టలేదు. పైగా తమ్ముణ్ణీ వాడి జట్టునీ పిలిచి సలహా ఒకటి ఇచ్చాను. ఎండాకాలం పరిగెత్తేవాళ్ల ఒంట్లో నీళ్లు ఇంకిపోతాయి, లేవగానే రెండు చెంబులు, పరుగు అయ్యాక రెండు చెంబులు తాగండి, కాచి చల్లార్చుకుని తాగండి అన్నాను. అది ఆరోగ్యశాస్త్రం. పుస్తకాల్లో ఉన్నదే. వాళ్లు నా మాట తు.చ. తప్పకుండా పాటించారు.

ఏ నీళ్లు అన్నది ఇప్పుడు చెప్పాలి.

అంతకు దాదాపు పదేళ్ల ముందు, మా ఊళ్లో వాంతులు, బేదులు పుట్టాయి. అందరూ తాగేది ఒక్కటే దిగుడు బావి. పశువులూ దిగేవి, మనుషులూ దిగేవాళ్లు. ముగ్గురు చచ్చిపోయారు. ఊరివాళ్లు అమ్మవారికి కోపం వచ్చిందన్నారు, దున్నపోతును కొట్టాలన్నారు. నేను అప్పుడే ఉద్యోగంలో చేరినవాణ్ణి. చావడి దగ్గర మూడు రోజులు వాదించాను. అమ్మవారికి కోపం వస్తే బావి నీళ్లు కాచి తాగేవాళ్ల ఇళ్లు వదిలిపెట్టి మిగతా ఇళ్లకే ఎందుకు పోయిందని అడిగాను. వాదన గెలిచాను. దున్నపోతు బతికింది. అధికారుల చుట్టూ తిరిగి, అర్జీలు పెట్టి, మూడువందల చిల్లర అడుగుల లోతుకు బోరు వేయించాను. నీళ్లు అద్దంలా ఉన్నాయి. ఆ రోజు అందరి ముందు మొదటి గ్లాసు నేను తాగాను. చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత బేదులతో ఒక్కరు కూడా చావలేదు. ఇది నిజం, ఈ నిజాన్ని నేను ఇప్పటికీ వదులుకోను.

ఒక్క మనిషి మాత్రం ఆ నీళ్లు తాగనన్నది. మా అవ్వ. మా నాయన తల్లి.

"ఈ నీళ్లతో వండితే బువ్వ పచ్చగ అయితాండాది రా. మంచి నీళ్లయితే బువ్వ రంగు ఎందుకు మారల్ల?" అన్నది.

ఆ మాటను నేను ఒక సభలో వాడుకున్నాను. మా సొంత అవ్వనే ఉదాహరణగా చెప్పాను. "బోరు నీళ్లలో అమ్మవారు పసుపు కలిపిందట" అని చెప్పి జనాన్ని నవ్వించాను. ఆమె అమ్మవారి పేరే ఎత్తలేదు. తన కుండలో తన కళ్లతో చూసింది చెప్పింది. చూసినదాన్ని చూసినట్టు చెప్పడమే కదా హేతువాదానికి మొదటి మెట్టు! ఆ మెట్టు మీద ఆమె నిలబడి ఉంటే, కింద నేను నిలబడి ఎగతాళి చేశాను. ఆమె ముసలిది, చదువులేనిది, కాబట్టి ఆమె చెప్పేది మూఢనమ్మకమే అయ్యుండాలని నమ్మాను. అవును, నమ్మాను. నాదీ మూఢనమ్మకమే.

అవ్వ మూడేళ్లకు పోయింది. బతికినన్నాళ్లూ దిగుడు బావి నీళ్లే వడగట్టి, కాచుకుని తాగింది. ఆ తర్వాత కరువుకు ఆ బావీ ఎండిపోయింది. ఊరంతటికీ బోరు ఒక్కటే మిగిలింది.

తమ్ముడి చివరి సెలక్షన్ రోజు నేనూ వెంట పోయాను. అనంతపురంలో మైదానం చుట్టూ తాళ్లు కట్టారు. బెళుగుప్ప వైపు నుంచి వచ్చినవాళ్లు, నల్లమాడ వైపు నుంచి వచ్చినవాళ్లు, వందలమంది కుర్రాళ్లు చొక్కాలు విప్పి వరసలో నిలబడ్డారు. కొందరి పళ్ల మీద గోధుమరంగు చారలు ఉండటం ఆ రోజు చూశాను. చూసి ఏమీ అనుకోలేదు. మా ఊరి పిల్లల పళ్లకూ ఉండేవి. బొగ్గుతో తోముకుంటే పోతుందని బడిలో చెప్పేవాణ్ణి.

ఎత్తులో తమ్ముడు నెగ్గాడు. పరుగులో తన జట్టులో రెండోవాడిగా వచ్చాడు. తాడు అవతల ఉన్న నన్ను చూసి చెయ్యి ఎత్తాడు. భుజం దాటి ఎక్కువ పైకి లేవలేదు ఆ చెయ్యి. అలసట అనుకున్నాను. ఛాతీ కొలిచే చోట ఒక హెడ్ కానిస్టేబులు ఉన్నాడు. ఆయన పొట్ట బెల్టు మీదుగా కిందికి వాలి ఉంది.

"పీల్చప్పా, ఇంకా పీల్చు. అంతేనా? రాత్రి సంగటి తిన్లేదా?"

"తిన్నాను సార్."

"మూడున్నర. అయిదుకు రాలేదు. పక్కకు పో."

"ఇంకొక్క తూరి సార్. అయినాక మీ ఇష్టం."

"ఇంకొక తూరి కాదు, మూడు తూర్లు చూస్తా, పీల్చు!" హెడ్ కానిస్టేబులు మంచివాడే. మూడుసార్లు కొలిచాడు. మూడోసారి తమ్ముడి మెడ నరాలు తాళ్లలాగా లేచాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఛాతీ మాత్రం చెక్క పెట్టెలాగా ఉన్నచోటే ఉంది. వాడికంటే ముందు మా ఊరి వాళ్లు ఇద్దరు అక్కడే తప్పారు.

నాకు అనుమానం వచ్చింది. ఒకే ఊరి వాళ్లు వరసగా ముగ్గురు పోతే ఎవరికైనా అనుమానం రావాలి. కానీ నా అనుమానం లంచం మీదికి పోయింది. తాడు దాటి లోపలికి పోయాను.

"ఈ టేపు ఎవరు తనిఖీ చేసినారు? పరిగెత్తి రెండోవాడిగా వచ్చినోనికి ఊపిరి లేదా? తిరిగి కొలిపించుకునే హక్కు ఉండాది మాకు. డాక్టరు ముందర కొలవండి," అని గట్టిగా అరిచాను. వెనక ఉన్న కుర్రాళ్లు ఈలలు వేశారు.

"అయ్యవారూ, నా పొట్ట చూసి నా టేపును అనుమానిస్తాండారా ఏమి?" అన్నాడు హెడ్ కానిస్టేబులు. "పోలీసు కొలువు లోపలికి వచ్చేదాకే సార్ కొలతలు. వచ్చినాక మమ్మల్ని ఎవురూ కొలిచేది లేదు. పోండి, డాక్టరు ఆ గుడారంలో ఉండాడు."

గుడారంలో వైద్యుడు మా ప్రాంతంవాడు కాదు. నడివయసు మనిషి, మాట మెత్తన. తమ్ముడి ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాడు.

"ఊపిరితిత్తులు బాగున్నాయి. గుండె బాగుంది. బాబూ, గడ్డం ఛాతీకి ఆనించు."

తమ్ముడు తల వంచాడు. గడ్డానికీ ఛాతీకీ మధ్య నాలుగు వేళ్ల ఎడం మిగిలిపోయింది.

"మోకాళ్లు వంచకుండా కాలివేళ్లు ముట్టుకో." వాడి చేతులు మోకాళ్లు దాటి కొంచెం కిందికి పోయి ఆగాయి. "చేతులు తల వెనక పెట్టుకో." మోచేతులు వెనక్కి పోలేదు. వాడు నా వైపు చూశాడు. ఇవి వాడికి కొత్త కాదని, వాడు ఎవరికీ చెప్పలేదని ఆ చూపులో నాకు అర్థమైంది.

"ఇందాక ఇలాగే తిరిగి కొలిపించుకోవడానికి వచ్చిన ఇద్దరిదీ మీ ఊరేనా?" అని అడిగాడు వైద్యుడు.

"అవును. అందుకే అడుగుతున్నాను, కొలతలో మోసం..."

"కొలతలో మోసం లేదు. మీరూ చొక్కా విప్పండి."

"నేనెందుకు? నేను సెలక్షన్‌కు రాలేదు."

"విప్పండి సార్."

విప్పాను. ఆయన టేపు చుట్టాడు. గాలి వదలమన్నాడు, వదిలాను. పీల్చమన్నాడు. నా శక్తికొద్దీ పీల్చాను. సభల్లో మైకు లేకుండా గంటసేపు మాట్లాడినవాణ్ణి, నా ఊపిరి మీద నాకు ఎంతో నమ్మకం. ఆయన టేపును నా ముఖం ముందు పెట్టి చూపించాడు.

రెండు సెంటీమీటర్లు.

"మీకు ముప్పై అయిదు ఉంటాయా?" అన్నాడు. "ఊపిరి లేక కాదు. పక్కటెముకలు వెన్నుకు అతుక్కునే చోట కీళ్లు బిగిసిపోతున్నాయి. లోపల ఊపిరి ఉంది, తెరవడానికి తలుపు కదలడం లేదు. మీరు తాగేది ఏ నీళ్లు?"

తమ్ముడు చెప్పాడు.

"బోరు నీళ్లు సార్. చాలా లోతు. మా యన్న వేయించినాడు."

వాడు ఆ మాట నిందగా అనలేదు. గర్వంగా అన్నాడు. అన్నాక వైద్యుడి ముఖం చూశాడు, తర్వాత నా ముఖం చూశాడు.

వైద్యుడు కాగితం మీద తమ్ముడు తగడని రాశాడు. ఆ ఒక్క మాటతో వాడి కొలువు ముగిసింది. ఇంకో కాగితం మీద పెద్దాసుపత్రికి ఎక్స్‌రే రాశాడు. ఫ్లోరైడ్ అన్నాడు. లోతు రాళ్లలోంచి నీళ్లలోకి కరుగుతుందని, రంగు ఉండదని, వాసన ఉండదని, తాగేకొద్దీ ఎముకల్లో పేరుకుని కీళ్లను బిగిస్తుందని, పళ్ల మీద చారలు మొదటి గుర్తు అని చెప్పాడు. కాచితే పోతుందా అని అడిగాను. "కాచితే నీళ్లు ఆవిరవుతాయి. అది ఆవిరి కాదు. ఇంకా చిక్కబడుతుంది," అన్నాడు. మా బడి గోడ మీద నేనే పెద్ద అక్షరాలతో రాయించాను, నీళ్లు కాచి తాగండి అని.

బిగిసినది మళ్లీ వదులు కావడానికి మందు ఉందా అని తమ్ముడు అడిగాడు. లేదన్నాడు ఆయన. ఆ నీళ్లు ఆపితే ఇక్కడితో నిలవొచ్చు, నిలవకపోవచ్చు అన్నాడు.

బస్సు కళ్యాణదుర్గం దాటాక తమ్ముడు అన్నాడు: "అన్నా, కొలువు పోయినాది, పోనీ. నేను మూడేండ్లు పొద్దున్నే నాలుగు చెంబులు తాగితినే. ఆ ఎక్కువ తాగిన నీళ్లు యాడికి పోయినాయన్నా?"

జవాబు నాకు తెలుసు. వాడికీ తెలుసు.

నీళ్లు సీసాలో పట్టి పరీక్షకు పంపాను. పదేళ్ల ముందు పంపాల్సిన సీసా అది. ఆ రోజుల్లో నీళ్లు పడ్డాయా లేదా అన్నదే ప్రశ్న, ఏ నీళ్లు అన్న ప్రశ్న నాకు రాలేదు. కాగితం వచ్చింది. తాగదగిన హద్దుకు ఎన్నో రెట్లు మించి ఉంది. బువ్వ పచ్చబడేది ఫ్లోరైడ్ వల్ల కాదని, నీళ్లలోని క్షారం వల్లనని అప్పుడు చదివి తెలుసుకున్నాను. కానీ అలాంటి క్షారపు నీళ్లలోనే ఫ్లోరైడ్ ఎక్కువగా కరిగి ఉంటుందట. అవ్వ చెప్పినదాన్ని నవ్వులాట చేయకుండా ఆ నీళ్లు ఒక సీసాలో పోసి పంపి ఉంటే చాలు. మా తమ్ముడికి అప్పుడు పదకొండేళ్లు.

కాగితం తీసుకుని అధికారుల దగ్గరికి పోయాను. వాళ్లు కాదనలేదు. ఇంకా లోతుకు ఇంకో బోరు వేస్తామన్నారు. విషం లోతులో దొరికితే ఇంకా లోతుకు పొమ్మనే వైద్యం అది. లారీ వచ్చింది. జనం టెంకాయ కొట్టారు. తమ్ముడు బోరు మేస్త్రి దగ్గరికి పోయి, నీళ్లు పడినాక పరీక్ష చేస్తారా అని అడిగాడు.

"పడేది చూడప్పా ముందు. ఈ కాలంలో నీళ్లు పడేదే గగనమైతాండాది, పరీక్ష అంట పరీక్ష!"

నీళ్లు పడ్డాయి. పరీక్ష అయ్యేదాకా తాగొద్దని నేను అడ్డం నిలబడ్డాను. ఊరివాళ్లు నా మీదికి వచ్చారు.

"ఆ పొద్దు తాగండి అన్నదీ నువ్వే, ఈ పొద్దు తాగొద్దు అన్నదీ నువ్వేనా అయ్యవారూ? నీ సైన్సుకు పూటకొక మాటనా?" అని అడిగాడు ఒకాయన. బిందెలు నన్ను దాటుకుని పోయాయి. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్నే. విజ్ఞానం మాట మార్చుకుంటుంది, రుజువు దొరికితే మార్చుకుని తీరాలి. కానీ మొదటి మాటే పరీక్ష లేకుండా చెప్పినవాడు రెండో మాట చెప్పేటప్పుడు జనం నమ్మరు. రెండో బోరు కాగితం వచ్చేసరికి నెల దాటింది. అది మొదటిదానికంటే ఎక్కువ. ఆ నెలంతా ఊరు ఆ నీళ్లే తాగింది.

ఇప్పుడు తాగేందుకు బయటి నుంచి ట్యాంకరు వస్తుంది. వచ్చిన రోజు వస్తుంది, రాని రోజు బోరే. తమ్ముడికి ముప్పై నిండింది. మెడ తిరగదు. వెనక నుంచి ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం తిరుగుతాడు, చెక్కలో బిగించిన మనిషిలాగా. రాత్రి పక్కకు ఒత్తిగిలాలంటే మా మరదలు లేచి వాడి భుజం పట్టుకుని తిప్పుతుంది. నన్ను ఒక్క మాట అనడు. అంటే బాగుండు.

ఈ మధ్య సెలక్షన్ ప్రకటన మళ్లీ వచ్చింది. మా ఊరి నుంచి ఎవరూ పరిగెత్తడం లేదు. పక్క ఊళ్ల వాళ్లు పరిగెత్తుతున్నారు. మొన్న తెల్లారి ఒక జట్టు బడి దగ్గర ఆగింది. ఒకడు ప్లాస్టిక్ సీసా ఎత్తి గటగటా తాగాడు. ఏ బోరు నాయనా అని అడిగాను. "మాది కొత్త బోరు సార్, నాలుగువందల అడుగులు!" అని నవ్వాడు. పళ్ల మీద చారలు కనబడ్డాయి. వాళ్ల ఊరి నీళ్లు ఎవరూ పరీక్ష చేయలేదు. ఆ ఊరి పంచాయతీకి పోయి అడిగాను. నీళ్లు తీపిగా ఉన్నాయి, పరీక్ష ఎందుకన్నారు.

మీ ఊళ్లో ఏమంటారో నాకు తెలుసు. అందుకే రాస్తున్నాను. తీపిని నమ్మొద్దు, తేటను నమ్మొద్దు. అధికారి మాట నమ్మొద్దు, టెంకాయను అసలే నమ్మొద్దు. నన్ను కూడా నమ్మొద్దు, నేను ఒకసారి తప్పు చెప్పినవాణ్ణి. రేపు పొద్దున శుభ్రమైన సీసా ఒకటి తీసుకుని మీరు తాగే నీళ్లు పట్టండి. జిల్లా కేంద్రంలో నీళ్లు పరీక్షించే చోటికి మీరే తీసుకుపోండి. ఫ్లోరైడ్ ఎంత ఉందో కాగితం మీద రాయించుకోండి. ఆ అంకెను కుళాయి పక్క గోడ మీద, చదువురాని వాళ్లకు చదివి వినిపించి మరీ, పెద్దగా రాయించండి. మీ పంచాయతీ అడ్డుకుంటే, అడ్డుకున్నవాళ్ల పేర్లు కూడా ఆ అంకె కిందే రాయించండి.